మారిషస్‌లో 1995 ముందస్తు ఎన్నికల్లో "తెలుగు ఓడిపోయింది" అని మా నాన్నగారు డైరీలో రాసుకున్నారు, నిజంగా అలాగే జరిగిందా?

గజపతినగరం అమ్మాయి, విజయనగరం జిల్లా

అందరికీ నమస్కారం అండి. పాత విషయం, ఇక్కడ తెలిసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటారేమో అని అడుగుతున్నాను. మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండిట్‌గా చేసి రిటైరయ్యారు. సంక్రాంతికి ఇల్లు సున్నం వేయిస్తూ అటక మీంచి ట్రంకుపెట్టె దింపితే అందులో ఆయన పాత డైరీలు, పేపర్ కటింగులు బయటపడ్డాయి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లో జరిగాయి కదా, ఆ కటింగులైతే అట్టకి అంటించి మరీ దాచుకున్నారు. ఆయన వెళ్ళలేదు, వెళ్ళే స్తోమత ఎక్కడిది, కానీ ఆఫ్రికా పక్కన సముద్రం మధ్యలో ఒక చిన్న దేశంలో పిల్లలు బడిలో అ ఆ లు దిద్దుతారు అనేది ఆయనకి పెద్ద సంతోషం, మా చిన్నప్పుడు అన్నం కలిపి ముద్దలు పెడుతూ కూడా అదే చెప్పేవారు.

1995 డైరీలో డిసెంబర్ చివర్లో ఒకే ఒక్క వాక్యం ఉంది, "మారిషస్‌లో తెలుగు ఓడిపోయింది" అని, ఎర్ర ఇంకుతో. ఏంటి నాన్నా ఇది అంటే, పరీక్షలో మన భాషల మార్కులు కలపాలని అక్కడి ప్రధాని పార్లమెంటు రద్దు చేసి ముందే ఎన్నికలకి పోయాడమ్మా, ఒక్క సీటు కూడా రాలేదు అన్నారు. ఆ తర్వాత ఇంకేం చెప్పలేదు, వయసు అయిపోయింది, ఎక్కువ మాట్లాడితే అలసిపోతారు.

నాకు ఇది మనసులోంచి పోవట్లేదు. నేను డీఎస్సీకి ప్రిపేర్ అవుతూ సాయంత్రాలు ట్యూషన్ చెప్తాను, ఏడో క్లాసు పిల్లలకి ఒత్తులు రావు, వాళ్ళ స్కూల్లో తెలుగు పీరియడ్ ఆఖరి గంటకి వేసి అందులో కూడా సగం రోజులు లెక్కలు చేయిస్తారంట. ఇక్కడ మనకి ఇలా ఉంటే అక్కడ తెలుగు మార్కుల కోసం ప్రభుత్వమే పోయిందా? జనం నిజంగా మన భాషలు వద్దని ఓటేశారా? అక్కడ తెలుగువాళ్ళు కూడా వేసుంటారు కదా. ఎవరైనా వివరంగా చెప్పగలరా.


రిటైర్డ్ సోషల్ మాస్టారు, బొబ్బిలి

అమ్మా, మీ నాన్నగారు రాసిన దాంట్లో జరిగిన సంగతి నిజమే. దాని అర్థం మాత్రం కొంచెం విడమరిచి చెప్పాలి. నేను పదో తరగతికి సోషల్ చెప్పేవాణ్ణి, మారిషస్ అంటే నాకూ ఇష్టం, మన కళింగపట్నం, భీమిలి, కోరంగి తీరం వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్ళిన వాళ్ళ దేశం కదా.

ముందు పరీక్ష సంగతి. అక్కడ అయిదేళ్ళకోసారి ఎన్నికలు ఎలాగో, ప్రతి ఇంట్లో పదకొండేళ్ళ పిల్లకో పిల్లాడికో ప్రాథమిక విద్య చివర సీపీఈ అనే పరీక్ష అలాగ. మనకి ఆరో తరగతికి కోరుకొండ సైనిక్ స్కూల్ ఎంట్రన్స్ ఉంది చూడండి, పిల్లాడికంటే తల్లిదండ్రులకి ఎక్కువ నిద్ర ఉండదు, దేశం మొత్తానికి అలాంటి పరీక్ష ఒకటే అనుకోండి. దాంట్లో వచ్చిన ర్యాంకుని బట్టి మంచి సెకండరీ స్కూళ్ళలో సీటు. క్యూర్‌పిప్‌లో రాయల్ కాలేజీ అనీ, ఆడపిల్లలకి క్వీన్ ఎలిజబెత్ కాలేజీ అనీ, అలాంటి కొన్నిటి కోసం దేశమంతా పోటీ. ర్యాంకుకి లెక్కలోకి వచ్చేవి ఇంగ్లీషు, ఫ్రెంచి, లెక్కలు, పరిసరాల విజ్ఞానం. హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ, మాండరిన్, అరబిక్ వీటిని కలిపి ఓరియంటల్ భాషలు అంటారు, అవి పిల్లలు నేర్చుకోవచ్చు, పరీక్ష రాయొచ్చు, కానీ ఆ మార్కు ర్యాంకుకి కలవదు. కలవని సబ్జెక్టు ఎవరు శ్రద్ధగా చదువుతారమ్మా, మీ ట్యూషన్ పిల్లల్లో చూస్తున్నారుగా.

అప్పటి ప్రధాని అనిరుధ్ జగన్నాథ్ ప్రభుత్వం ఆ మార్కు కూడా ర్యాంకుకి కలుపుతాం అంది. ఫ్రెంచికి ఇచ్చిన విలువ మా తాతల భాషలకి ఎందుకు ఇవ్వరు అని భారతీయ సంతతి వాళ్ళు ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నదే అది. కానీ ఆ భాషలేవీ చదవని పిల్లల తల్లిదండ్రులు కోర్టుకి వెళ్ళారు, మా పిల్లలకి ఇది అన్యాయం అని, సుప్రీంకోర్టు వాళ్ళ వైపు తీర్పు ఇచ్చింది. సరే అయితే రాజ్యాంగాన్నే సవరిద్దాం అని జగన్నాథ్ పార్లమెంటుకి వెళ్ళాడు. దానికి నాలుగింట మూడొంతుల మెజారిటీ కావాలి, రాలేదు. అక్కడితో ఆయన సభ రద్దు చేయించి జనం దగ్గరికి పోయాడు. అంతకు ముందు ఎన్నిక 1991 సెప్టెంబర్ 15న జరిగింది కాబట్టి గడువు ఇంకా మిగిలే ఉంది, అందుకే ముందస్తు అన్నారు. 1995 డిసెంబర్ 20న పోలింగ్. నవీన్ రాంగులాం లేబర్ పార్టీ, పాల్ బెరాంజే ఎంఎంఎం పార్టీ కలిసి మారిషస్ దీవిలో ఉన్న 60 సీట్లకి 60 గెలుచుకున్నాయి. జగన్నాథ్ సొంత సీటు కూడా పోయింది. 1982 నుంచి 13 ఏళ్ళు ప్రధానిగా ఉన్న మనిషి.

మీ నాన్నగారు ఆ రోజుల్లో పేపర్లో ఇంతవరకే చదివి ఉంటారు. బాధపడి ఎర్ర ఇంకు తీసి ఉంటారు. ఆయనకి నా నమస్కారాలు చెప్పండి.


నాగావళి కుర్రోడు, శ్రీకాకుళం

మాస్టారు చెప్పింది కరెక్టే, కాపోతే 60కి 60 అనగానే జనం అందరూ ఒకేవైపు ఒరిగిపోయారు అని అనుకోకండి, అక్కడ ఓటింగ్ పద్ధతే అలగ ఉంటాది. నేను గ్రూప్స్‌కి చదివినప్పుడు పాలిటీలో ఇతర దేశాల ఎన్నికల పద్ధతులు చూస్తూ మారిషస్ దగ్గర ఆగిపోయాను, రెండ్రోజులు అదే చదివాను.

మారిషస్ దీవిలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు ఎంపీలు, పక్కనున్న రోడ్రిగ్స్ దీవికి ఇద్దరు, మొత్తం 62. ఓటరుకి మూడు ఓట్లుంటాయి, ముగ్గురికీ వెయ్యాల్సిందే, ఒకటో రెండో వేసి వదిలీస్తే ఆ బ్యాలెట్ చెల్లదు. మెషీన్లు కాదు, కాగితం మీద గుర్తు పెట్టడమే. పార్టీలు ముగ్గుర్నీ ఒక జట్టుగా నిలబెడతాయి, మన దగ్గర టిక్కెట్లప్పుడు కాళింగులు, వెలమలు, తూర్పు కాపులు అని లెక్క వేసుకున్నట్టే అక్కడ ఏ ఊరికి ఏ వర్గం వాళ్ళు అని లెక్క చూసి ఆ ముగ్గుర్ని పెడతారు. జనం ఎక్కువమంది ముగ్గురికీ కట్టగట్టి వేసీస్తారు. దాంతో ఏటవుతాదంటే కొంచెం మొగ్గు ఉన్నా ఆ మూడు సీట్లూ ఒకే గూటికి పోతాయి. 2019లో అయితే జగన్నాథ్ గారి అబ్బాయి ప్రవింద్ కూటమికి 37 శాతం పై చిలుకు ఓట్లతోనే 62లో 38 సీట్లు వచ్చీసాయి.

ఇలగ కొట్టుకుపోతే కొన్ని వర్గాలకి సభలో ఎవరూ లేకుండా పోతారని ఇంకో 8 సీట్ల వరకు ఉంచారు, బెస్ట్ లూజర్ అంటారు, ఓడిపోయినోళ్ళలో బాగా ఓట్లు తెచ్చుకున్నోళ్ళని వర్గాన్ని బట్టి తీసుకుంటారు. హిందూ, ముస్లిం, చైనీస్, మిగిలినోళ్ళందరికీ జనరల్ పాపులేషన్ అని నాలుగు వర్గాలు. దానికి ఇప్పటికీ 1972 జనాభా లెక్కలే వాడతారు, ఆ తర్వాత జనాభా లెక్కల్లో ఆ వర్గం ప్రశ్న అడగడమే మానీసారు. తెలుగోళ్ళు, తమిళులు, మరాఠీలు అందరూ ఆ లెక్కలో హిందువుల్లోకే వస్తారు, తెలుగుకి అని వేరే గడి లేదు.

ఇప్పుడు 1995కి రండి. 1991లో జగన్నాథ్, బెరాంజే కలిసి 60లో 57 గెలిచారు, రాంగులాం వైపు మిగిలింది మూడే. తర్వాత 1993లో బెరాంజేని కేబినెట్ లోంచి తీసీసారు, ఎంఎంఎం చీలిపోయింది, బెరాంజే ఎల్లి రాంగులాంతో కలిసాడు. అంటే ఇటు పక్క రెండు పెద్ద పార్టీలు, అటు పక్క పదమూడేళ్ళ ప్రభుత్వం, దాని మీద విసుగు. భాష గొడవ లేకపోయినా జగన్నాథ్‌కి ఆ లెక్క కష్టమే అని నా అభిప్రాయం. భాష అనేది ఆయన ముహూర్తానికి పెట్టుకున్న పేరు. మన దగ్గరే చూడండి, 2003లో అలిపిరి తర్వాత చంద్రబాబు గారు అసెంబ్లీ రద్దు చేసి సానుభూతి ఉంటాదని ముందే పోయారు, 2004లో 47 సీట్లు వచ్చాయి. 1985లో ఎన్టీఆర్ అదే పని చేస్తే 202 వచ్చాయి. ముందస్తుకి పోడం ప్రధాని చేతిలోనో ముఖ్యమంత్రి చేతిలోనో ఉంటాది, జనం దేని మీద ఓటేస్తారో మాత్రం ఆళ్ళ చేతిలో ఉండదు.

అసలు ఆ దేశంలో భాష మీద ముందస్తు ఎన్నిక రావడం అదే మొదలు కాదు. 1982లో ఇదే జగన్నాథ్ ప్రధానిగా, బెరాంజే ఆర్థిక మంత్రిగా 60-0 తో గెలిచారు. తొమ్మిది నెలలు తిరక్కుండానే 1983 మార్చిలో విడిపోయారు, కారణాల్లో ఆర్థిక విధానం ఉంది, దాంతో పాటు బెరాంజే వాళ్ళు అక్కడి జనం ఇళ్ళల్లో మాట్లాడే క్రియోల్ భాషని ముందుకి తెస్తన్నారని గొడవ, స్వాతంత్ర్య దినం రోజు టీవీలో జాతీయ గీతం క్రియోల్లో వచ్చిందని పెద్ద రభస. 1983 ఆగస్టు 21న మళ్ళీ ఎన్నిక, ఈసారి జగన్నాథ్ కొత్త పార్టీ కూటమి 41, ఎంఎంఎం 19. అప్పుడు ఆయనకి పని చేసిన మందే 1995లో మళ్ళీ వేసాడు, రెండోసారి పట్టలేదు.


గజపతినగరం అమ్మాయి

చాలా థాంక్స్ మాస్టారూ, తమ్ముడూ. ఇంత వివరంగా చెప్తారు అనుకోలేదు. ఒక్క అనుమానం. తమ్ముడు చెప్పినట్టు లెక్కల వల్లే ఓడిపోయాడు అనుకున్నా, ఆ సవరణకి పార్లమెంటులో నాలుగింట మూడొంతులు రాలేదు కదా, అంటే సభలో కూడా మన భాషలు వద్దు అన్నవాళ్ళు ఉన్నారనేగా. ఫ్రెంచి మార్కు కలిపితే తప్పు లేదు, తెలుగు మార్కు కలిపితే అన్యాయం అవుతుందా? అక్కడ ఇళ్ళల్లో ఇంగ్లీషు ఎవరూ మాట్లాడరంట కదా. నాకు నిజంగా కోపం వచ్చింది చదువుతుంటే.


ఆమదాలవలస టీచరమ్మ

అమ్మాయ్, నీ కోపం అర్థమయింది, నేనూ తెలుగు మీద ప్రేమున్న దాన్నే. కానీ కోర్టుకెళ్ళిన వాళ్ళ వైపు నుంచి కూడా ఒకసారి చూడు.

ఆ దేశంలో భారతీయులకంటే ముందు వచ్చినవాళ్ళున్నారు, ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన వాళ్ళ సంతతి. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది, ఆ తోటల్లో వాళ్ళ బదులు పని చెయ్యడానికే మనవాళ్ళని ఒప్పందం మీద తెచ్చారు. మనవాళ్ళు వెళ్ళేటప్పుడు పేరు, దేవుడు, భాష వెంట తీసుకెళ్ళగలిగారు. వాళ్ళకి అది కూడా మిగల్చలేదు, పేర్లు మార్చేశారు, తల్లి భాష ఏదో పిల్లలకి తెలీకుండా పోయింది. తోటల్లో దొరలతోనూ ఒకళ్ళతో ఒకళ్ళూ మాట్లాడుకోడానికి పుట్టిన క్రియోలే వాళ్ళ ఇంటి భాష. ఇప్పుడు హిందూ, ముస్లిం, చైనీస్ తేడా లేకుండా దేశమంతా మాట్లాడేది కూడా అదే. మరి 1995లో ఆ భాషకి బడిలో పేపరే లేదు. ఓరియంటల్ భాషల జాబితాలో ఏడు పేర్లుంటే దాంట్లో ఆ పిల్లల భాష లేదు. తెలుగు పిల్లకి ఇంకో మార్కు కలుస్తుంది, తమిళ పిల్లాడికి కలుస్తుంది, క్రియోల్ పిల్లకి ఏ మార్కు కలుస్తుంది చెప్పు. కింది తరగతుల నుంచీ చదవని భాష ఆఖరి ఏడాది ఉన్నట్టుండి నేర్చుకోవాలా?

ఇది నాకు పుస్తకం చదివి తెలిసిన బాధ కాదు. నేను మొదట్లో సీతంపేట ఏజెన్సీలో చేశాను, అప్పుడది శ్రీకాకుళం జిల్లాలోనే ఉండీది. మొదటి క్లాసులో సవర పిల్లలు, ఇంట్లో ఒక్క తెలుగు ముక్క ఉండదు, నేను తెలుగులో చెప్తుంటే మొహం చూస్తూ కూర్చునేవాళ్ళు. ఒక గుంట, పేరు అక్కర్లేదు, ఏడాది మొత్తం నోరు విప్పలేదు, మందబుద్ధి అని రిజిస్టర్లో రాయబోయాను. ఒకరోజు వాళ్ళ అవ్వ వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే ఆ గుంట ఆవిడతో సవరలో గలగలా మాట్లాడింది, బడిలో జరిగినవన్నీ, నేను చెప్పిన పాటలు కూడా. నేను ఆ రోజు తరగతిలో కూర్చుని ఏడ్చాను. అక్కడ మనం తెలుగు కోసం అడుగుతున్నవాళ్ళం, ఇక్కడ కొండ మీద మనమే ఇంగ్లీషూ ఫ్రెంచీ లాగా కూర్చున్నాం. గిడుగు రామమూర్తి పంతులు గారు మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టినవారే, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. వాడుక తెలుగు కోసం ఎంత కొట్లాడారో, పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని ఆ పిల్లలకి వాళ్ళ భాషలో బడి పెట్టడానికి అంతే కష్టపడ్డారు. ఆయనకి ఆ రెండూ ఒకే పని. జగన్నాథ్ గారికి అక్కడ ఆ రెండో సగం తోచలేదు, నాకు అర్థమైంది ఇది.

కాబట్టి ఫ్రెంచి కలిపితే తప్పు లేదా అని నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు, క్రియోల్ పిల్లని కూడా లెక్కలో పెట్టుకుని అడగాల్సింది అనే.


సింహాద్రి, టెక్కలి, ఇప్పుడు మారిషస్

అందరికీ దండాలు. మాది టెక్కలి దగ్గర పల్లె, నాను ఇక్కడ కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేస్తన్నాను, వచ్చి మూడేళ్ళు దగ్గరైంది. టీచరమ్మ గారూ మీరు రాసింది సదివి ఫోన్ పక్కనెట్టీసి కాసేపు అలగే కూకుండిపోనాను. ఇక్కడ నాతో పనిచేసే మేస్త్రీ ఒకడు క్రియోల్, మంచి పనోడు, ఆడి మాటలు ఇప్పుడిప్పుడే నాకు తెలుస్తన్నాయి.

నా సంగతి సెప్తాను. నా పేరు ఇనగానే ఇక్కడ ఒక ముసలాయన నా సెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆళ్ళు నాలుగు తరాల ముందు వచ్చిన తెలుగోళ్ళు, ఇంట్లో మాటాడేది క్రియోలే, తెలుగు ముక్కలు కొన్నే వచ్చు, కాపోతే సింహాద్రి అప్పన్న పూజ సేస్తారు, అమ్మోరు పండగ సేస్తారు, రామభజనం అని రాత్రంతా దీపం సుట్టూ తిరిగి పాటలు పాడతారు. మన సింహాచలం అప్పన్నే! విజయనగరం, సికాకోలం, విశాఖపట్నం వైపు నుంచి ఎల్లినోళ్ళు తీసికెల్లిన దేవుడు కాకపోతే ఇంకెవరు సెప్పండి. మా ఊర్లో ఇంటికో అప్పన్న, ఇంటికో సింహాద్రి ఉంటాడు, ఇక్కడ కూడా అదే పేరు గుడి మీద సూసి నాకు కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు. ఉగాదికి ఇక్కడ దేశమంతా సెలవు, గవర్నమెంట్ సెలవు, క్రియోలోడికీ సైనోడికీ కూడా సెలవే. అందుకని చెల్లెమ్మా మీ నాన్నగారితో సెప్పండి, ఓడిపోలేదని.

ఎన్నికల మాట అడిగారు కాబట్టి, 2024 నవంబర్ 10న జరిగింది నాను కళ్ళారా సూసాను. అది ముందస్తు కాదు లెండి, ఐదేళ్ళు అయిపోయాయి. అక్టోబర్ 4న పార్లమెంట్ రద్దు సేసారు, దాని ముందురోజే చాగోస్ దీవులు మారిషస్‌కి ఇచ్చీస్తామని బ్రిటన్ వాళ్ళతో ఒప్పందం అని ప్రకటించారు, ఇంక ప్రవింద్ జగన్నాథ్‌కి తిరుగులేదని మా సైట్లో అందరూ అన్నారు. ఆరంజ్ జెండాలు ఆళ్ళవి, లేబర్ ఎర్ర జెండా, ఎంఎంఎంది ఊదా రంగు, బస్సుల మీద గోడల మీద అయ్యే. ఇంతలో పెద్దోళ్ళ ఫోన్ మాటలు రికార్డు సేసినవి నెట్‌లోకి వచ్చీసాయి, రోజుకొకటి, పనిలో అందరూ సెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని అయ్యే ఇనీవోరు. నవంబర్ మొదట్లో గవర్నమెంట్ ఫేస్‌బుక్, టిక్‌టాక్ అన్నీ ఆపీసింది, ఎన్నికలయ్యేదాకా అన్నారు, జనం గోల పెట్టీసరికి మర్నాడే తీసీసారు. ఆ ఒక్కరోజు తోనే పోయిందన్నాడు మా మేస్త్రీ. లెక్కింపు మర్నాడు, స్కూళ్ళలో బ్యాలెట్ కాగితాలు సేత్తో లెక్కెట్టారు, సాయంత్రానికి మళ్ళీ 60-0. నవీన్ రాంగులామే మళ్ళీ ప్రధాని అయ్యాడు, బెరాంజే ఉప ప్రధాని అయ్యాడు. 1995లో గెలిచిన ఆ ఇద్దరే. ప్రవింద్ కూడా ఆళ్ళ నాన్నగారిలాగే సొంత సీటు పోగొట్టుకున్నాడు.

ఇంకోటి. ఆ ముసలాయన్ని నాను 1995 గురించి అడిగాను నిన్న, మీ పోస్టు సూసాక. ఎవరికేసావు తాతా అన్నాను. రాంగులాంకే వేసాను, అన్నాడు. మరి తెలుగు మార్కులో అంటే, నవ్వలేదు, కాసేపాగి అన్నాడు, నా మనవడికి తెలుగు నేర్పడానికి నాకు ప్రధానమంత్రి ఎందుకు, అప్పుడు పని లేదు, ధరలు పెరిగిపోయాయి, పదమూడేళ్ళు ఒకే మనిషి అన్నాడు.


రిటైర్డ్ సోషల్ మాస్టారు, బొబ్బిలి

సింహాద్రీ, నువ్వు రాసిన ఆఖరి ముక్క కోసమే నేను ఎదురు చూశాను నాయనా. 60 సీట్లలో పల్లెటూళ్ళ చెరకు ప్రాంతాలన్నీ ఉన్నాయి, జనాభాలో సగం దాకా హిందువులే ఉన్న దేశం, వాళ్ళలో చాలామంది వెయ్యకుండా అరవైకి అరవై రావు. అంటే హిందీ నేర్చే ఇళ్ళూ, తమిళం నేర్చే ఇళ్ళూ, తెలుగు నేర్చే ఇళ్ళూ జగన్నాథ్‌కి వ్యతిరేకంగా వేశాయి. తమ భాష మీద ప్రేమ లేక కాదు. ఆ ప్రేమని ఎన్నికల గుర్తుగా మార్చుకోవడం వాళ్ళకి నచ్చలేదు, నాకు అలాగే అనిపిస్తోంది.

అమ్మాయి అడిగిన న్యాయం సంగతికి ఇంకో ముక్క మిగిలింది. ఆ కోర్టు కేసు ఎన్నికలతో ఆగలేదు. మారిషస్‌కి ఇప్పటికీ ఆఖరి అప్పీలు లండన్‌లో ప్రివీ కౌన్సిల్. అక్కడ 1998 ఫిబ్రవరి 18న తీర్పు వచ్చింది, లార్డ్ హాఫ్‌మన్ రాశారు. సుప్రీంకోర్టు తీర్పు కొట్టేశారు, ఆ మార్కు కలపడం రాజ్యాంగానికి విరుద్ధం కాదు అన్నారు. ఇలాంటివి న్యాయమా కాదా తేల్చాల్సింది జనం ఎన్నుకున్న ప్రభుత్వాలు గాని ప్రతిదీ సమానత్వం పేరుతో జడ్జీలు కాదు అన్నది దాని సారాంశం. అంటే చూడమ్మా, ఏ తీర్పుని దాటడానికి జగన్నాథ్ రాజ్యాంగ సవరణ అన్నాడో, ఏ సవరణ పోయిందని సభ రద్దు చేశాడో, ఆ తీర్పే రెండేళ్ళకి నిలబడలేదు. ఓపిక పట్టి అప్పీలు తీర్పు దాకా ఆగి ఉంటే ముందస్తు ఎన్నిక అవసరమే లేదు. చరిత్ర పాఠం చెప్పేటప్పుడు ఇలాంటి చోట పిల్లలు "అయ్యో" అంటారు, నాకూ ఇప్పుడు అదే వస్తోంది.

టీచరమ్మ చెప్పిన వైపు కూడా ఖాళీగా ఉండిపోలేదు. 2012 జనవరి నుంచి ప్రాథమిక బడుల్లో క్రియోల్‌ని కూడా ఐచ్ఛిక భాషగా పెట్టారు, తెలుగు, హిందీ, తమిళం ఎలాగో అలాగే. ఆ జాబితాలో ఇప్పుడు ఆ పిల్లల భాష ఉంది. 17 ఏళ్ళు పట్టింది. సీపీఈ పరీక్ష కూడా పోయింది, 2017 నుంచి దాని బదులు వేరే పరీక్ష.


ఆమదాలవలస టీచరమ్మ

మాస్టారూ 2012 సంగతి నాకు తెలీదు. చదివి మనసు చల్లబడింది. నేను పనిచేసిన బడిలో కూడా తర్వాత సవరలో వాచకాలు వచ్చాయి, నేను బదిలీ అయ్యాక. ఆ గుంట అప్పటికి ఐదు దాటిపోయింది.


గజపతినగరం అమ్మాయి

నాలుగు రోజులు పట్టింది నాకు మళ్ళీ రాయడానికి, క్షమించండి. మీరందరూ రాసినవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను, చెవి దగ్గర గట్టిగా చదవాలి, అందుకే రోజుకొకరిది. తమ్ముడి లెక్కలు రెండుసార్లు చదివించుకున్నారు. సింహాద్రి అన్నియ్యది చదివినప్పుడు అప్పన్న పేరు వచ్చేసరికి ఆపమని సైగ చేసి సింహాచలం వైపు తిరిగి దండం పెట్టుకున్నారు, మళ్ళీ మొదటి నుంచి చదవమన్నారు.

ఆ డైరీ తెప్పించుకున్నారు. ఎర్ర వాక్యం కొట్టేస్తారేమో అనుకున్నాను, కొట్టలేదు. దాని కింద నా చేత 1998 ఫిబ్రవరి 18 అని ఒక తేదీ, 2012 జనవరి అని ఒక తేదీ రాయించారు. రెండోదాని పక్కన "క్రియోల్ పిల్లలు" అని రాయమన్నారు. ఆ పిల్లల మాట అప్పుడు పేపర్లో రాలేదమ్మా, లేకపోతే నేను అలా రాసుండేవాణ్ణి కాదు, అన్నారు.

టీచరమ్మ గారూ, సవర వాచకాలు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతాయా, నాన్నగారు చూస్తానంటున్నారు. సింహాద్రి అన్నియ్యా, మీకు వీలైతే అక్కడి ఒకటో క్లాసు తెలుగు వాచకం ఒక పేజీ ఫోటో తీసి పెట్టగలరా, అ కి ఏ బొమ్మ వేశారో చూడాలంట ఆయనకి.


సింహాద్రి, టెక్కలి, ఇప్పుడు మారిషస్

ఆదివారం ఎల్లి ముసలాయన మనవరాలి పుస్తకం తీసి పెడతాను చెల్లెమ్మా.